కాజాల దొంగ

మండపేటలో రాజమండ్రి బస్సెక్కేసరికే నాకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నీళ్ళు తాగాను, ఊపిరి బిగబట్టాను, అయినా ఆగలేదు. మాది కర్నూలు. ఆ బస్సులో నన్నెరిగినవాళ్ళెవరూ లేరు. పక్క సీటులోని పెద్దావిడ కాసేపు నన్నే చూసి, ఒళ్ళోని సంచి తెరిచి, ఉన్నట్టుండి గొంతు పెంచింది.

"ఏంటండీ ఇది? చూస్తే పెద్దమనిషిలా ఉన్నారు. నా సంచిలో కాజాల పొట్లం తీసేశారేంటండీ?"

బస్సంతా ఇటు తిరిగింది. నాకు ముచ్చెమటలు పోశాయి.

"అయ్యో, నేనెందుకు తీస్తానమ్మా! కావాలంటే నా బ్యాగు చూసుకోండి" అంటూ లేచి నిలబడ్డాను.

ఆవిడ ఫక్కున నవ్వింది. "కూర్చోండి బాబూ. ఎక్కిళ్ళు ఆగాయా లేదా? మా ఇంట్లో పిల్లలకి ఇదే మందండి."

నిజంగానే ఆగిపోయాయి. దొంగతనం అంటగడుతూ కూడా 'అండీ' అనడం మానని మనిషిని మొదటిసారి చూశాను. ఆవిడ పొట్లం విప్పి ఒక కాజా నా చేతిలో పెట్టబోతే వద్దన్నాను.

"నింద ఎలాగూ పడింది కదండీ, తినకపోతే ఎలా?"

తిన్నాను. మా మాటలు సరిగా వినని ముందు సీటాయన మాత్రం, నేను కాజా నమలడం చూసి, రాజమండ్రిలో దిగేదాకా తన సంచిని ఒళ్ళోంచి దించలేదు.