అవ్వ ఓడిపోయిన పులుపు పందెం

నా చిన్నప్పుడు మా తమ్ముడి దగ్గర బలపం నిలిచేది కాదు. వాడు అటు తిరగగానే నేను కరకరా నమిలేసేదాన్ని. బలపం దొరకని రోజు మట్టిగోడ గీకి నోట్లో వేసుకునేదాన్ని. అమ్మ వీపు చీరినా మానలేదు. ఒంట్లో రక్తం తక్కువైన పిల్లలు అట్లా మట్టికి ఎగబడతారని ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికి తెలుసు?

మాది మక్తల్ దగ్గర పల్లె. ఊళ్లో బడి అయిదో తరగతితో సరి. ఆరులో చేరాక మక్తల్ దాకా నడవాలి. సగం దారిలో వాగు మీద ఒక చిన్న మోరీ ఉండేది. తోటి పిల్లలు దాన్ని దాటి ఉరికిపోతుంటే నేను దాని గట్టు మీద కూలబడి రొప్పేదాన్ని. ఒకరోజు ప్రార్థనలో నిలబడినదాన్ని నిలబడినట్టే కళ్లు తిరిగి పడిపోయాను. ఎవరో సైకిల్ మీద ఇంటికి తెచ్చి దింపారు. మా నాయిన ఒక్కటే మాట అన్నాడు. "గీ బడి సాలు. రేపటిసంది బందు." నాకు ఏడుపు ఆగలేదు. చదువంటే నాకంత పిచ్చి మరి, నవ్వకండి, బలపాలు తిన్నదాన్నైనా సరే.

మా అవ్వ, అంటే నాయిన తల్లి, కొడుకుతో గొడవ పెట్టుకోలేదు. "జొన్న కోతల దాక ఆగు బిడ్డా. అప్పటికి గూడ గిట్లనే ఉంటే నీ ఇష్టం" అంది. మర్నాడే నన్ను మక్తల్ దవాఖానకు తీసుకెళ్లింది. అక్కడి నర్సమ్మ నా కింది రెప్ప గుంజి చూసి, పొద్దున ఏం తింటావని అడిగింది. జొన్న రొట్టె, చాయ్‌లో ముంచుకుని, అని గొప్పగా చెప్పాను. పిల్ల నీరసంగా ఉందని అమ్మ ప్రేమకొద్దీ ఇంకో గ్లాసు ఎక్కువే పోసేది. నర్సమ్మ తల కొట్టుకుంది. "జొన్నలల్ల ఇనుము ఉంటది అవ్వా. గానీ చాయ్ తాగితే అది ఒంటికి పట్టదు. రొట్టెలకు పుల్లటిది పెట్టు, నిమ్మకాయనో, ఉసిరికాయనో, మామిడి ఒరుగులో. చాయ్ మాత్రం రొట్టె దగ్గరికి రానియ్యకు" అని చెప్పి, మాత్రలిచ్చి పంపింది.

చెప్పినంత తేలికా? చాయ్ లేనిదే నాకు బుక్క దిగదు. ససేమిరా అన్నాను, కంచం తోసేశాను. అమ్మ చెయ్యెత్తింది. అవ్వ ఆమెను ఆపి, తన రొట్టె కూడా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. రెండు రొట్టెల మీదా ఎల్లిగడ్డ కారం, పచ్చి ఉల్లిగడ్డ, పక్కన మామిడి ఒరుగులు నానబెట్టి నూరిన పచ్చడి. ఎండబెట్టిన మామిడి ముక్కలు కదా, పళ్లు జివ్వుమనేంత పులుపు. "పందెం ఏస్తవా? కన్ను ముయ్యకుంట ఎవరు తింటరో చూద్దం. ఓడినోళ్లు కాళ్లు ఒత్తాలె. చాయ్ ఇద్దరికీ నువ్వు బడికెంచి వచ్చినంకనే" అంది.

మొదటి బుక్కకే అవ్వ ముఖమంతా ముడుచుకుపోయింది. ఒక కన్ను గట్టిగా మూసి, అబ్బబ్బ అంటూ లొట్టలేసింది. నేను కళ్లు ఇంతింత చేసుకుని, నీళ్లు కారుతున్నా రెప్ప వాల్చకుండా రొట్టె మొత్తం తినేశాను. గెలిచాను! మర్నాడూ గెలిచాను, ఆ మర్నాడూ గెలిచాను. అవ్వ రోజూ నా కాళ్లు ఒత్తేది. నా అంత మొనగత్తె లేదని వాడంతా తిరిగి చెప్పుకున్నాను.

ఆ రోజుల్లోనే అవ్వకు తలనొప్పి మొదలైంది. నేను బడి నుంచి వచ్చేసరికి తలకు గుడ్డ బిగించి కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉండేది. ఎందుకవ్వా అంటే "ఎండకు బిడ్డా" అనేది. నిజమే అనుకున్నాను. ఒక శనివారం ఒంటిపూట బడి. పెరటి దారిన వస్తుంటే గోడవతల అమ్మ గొంతు వినిపించింది.

"పొల్ల ఇప్పుడప్పుడే రాదత్తా. తల పగిలిపోతాందంటివి, జర చాయ్ తాగరాదా?"

అవ్వ కసురుకుంది. "అది ఆడ చాయ్ లేకుంట ఆగుతాంది. నేనీడ దొంగసాటుకు తాగితే దాని మొఖం ఎట్ల చూడాలె?" తర్వాత తనే నవ్వింది. "పులుపుకు నా కన్ను మూతపడుతదానే, పిచ్చిదానా? పుట్టినప్పటిసంది చింతపులుసు తాగినదాన్ని."

అక్కడే నిలబడి ఏడ్చాను. నా మొనగత్తెతనానికి సిగ్గేసింది. పొద్దున్నే చాయ్ గ్లాసును రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని చప్పరించే అవ్వ కళ్ల ముందు కనబడింది. ఆమెకున్న సంబరం అదొక్కటే. విన్నానని ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. ఆ సాయంత్రం మాత్రం కాళ్లు నేనే ఒత్తాను. గెలిచినోళ్లు ఒత్తుతారా అని అవ్వ ఒకటే నవ్వు.

జొన్న కోతలు రానే వచ్చాయి. ఒక పొద్దున నాయిన కొడవలి పట్టుకుని నా వెనకే నడిచాడు. ఎందుకో నాకు తెలుసు. మోరీ దగ్గరకొస్తుంటే గుండె దడదడలాడింది, ఆయాసంతో కాదు, భయంతోనే. కాళ్లు మాత్రం ఆగలేదు. దాటి వెనక్కి తిరిగితే నాయిన అక్కడే నిలబడి ఉన్నాడు. "ఏం చూస్తున్నవ్? నడువ్, గంట కొడతరు" అని చేను వైపు మళ్లాడు. బడి బందు మాట మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మా తమ్ముడి బలపాలు వాడికే మిగిలాయి.

ఈ మధ్య మా మనవరాలికి బళ్లో రక్తం పరీక్ష చేసి మాత్రలిచ్చారు. అదీ నా మనవరాలే కదా, రొట్టెకు చాయ్ కావాలని మొండికేసింది. నేను కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. అప్పటి నుంచి రోజూ నేనే ఓడిపోతున్నాను. పదకొండు కొట్టేసరికి చాయ్ లేక నెత్తి పోటు పెడుతుంది. అది బడి నుంచి రాగానే, తలకు ఆ గుడ్డెందుకు అవ్వా అని అడుగుతుంది.

ఎండకు బిడ్డా, అంటాను.