మా తమ్ముడి పెళ్ళికి నేను పెట్టిన పొగ

పెళ్ళి సంబంధాలకు పొగ పెట్టే ఆడబిడ్డల గురించి మీరు వినే ఉంటారు. వాళ్ళందరూ మాటలతో పెట్టారు. నేను నిజంగానే పెట్టాను. పొయ్యి రాజేసి, కట్టె ఎగదోసి, విసనకర్రతో విసిరి మరీ పెట్టాను. ఆ దెబ్బకు పెళ్ళివారు వీధిలో పడ్డారు, మా నాయన గేదెల కొట్టంలో పడ్డాడు, మా తమ్ముడి పెళ్ళి ఎక్కడ పడిందో కాసేపు ఎవరికీ కనిపించలేదు. మీరు ధైర్యంగా నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్ళు ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. మీరు పరాయివాళ్ళు కాబట్టి కనీసం కాస్త మర్యాదగా నవ్వుతారు.

మా పుట్టిల్లు యర్రగొండపాలెం దగ్గర ఒక మెట్ట ఊరు. వాన మీద కంది, బోరు మీద మిరప. నేను అప్పటికి పెళ్ళయి మార్కాపురంలో ఉంటున్నాను. తమ్ముడు శ్రీను యర్రగొండపాలెంలో బోరు మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఒకసారి కంభంలో ఎవరింట్లోనో మోటారు చెడిందని పోయాడు. తర్వాత ఆ మోటారు చెడుతూనే ఉంది, వీడు పోతూనే ఉన్నాడు. మధ్యలో అంతమంది మెకానిక్కులుండగా కంభం దాకా వీడే ఎందుకు పోవాలని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. చివరికి వాడే చెప్పాడు, ఆ ఇంట్లో స్వాతి అనే పిల్ల ఉందని, చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని.

పిల్ల ఒప్పుకుంది. పిల్ల అమ్మానాన్నా ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది పిల్ల నానమ్మ, ఓబులమ్మ జేజి ఒక్కతే. కంభం చెరువు కింద పుట్టి, ఆ చెరువు కిందే మెట్టి, ఆ వరిమళ్ళ మధ్యే ముసలిదైన మనిషి. నీళ్ళు లేని ఊరికి పిల్లనిచ్చేది లేదని మంచమెక్కి కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె చెప్పందే చెంబు కూడా కదలదట. అందరూ బతిమాలితే, ఒకసారి వచ్చి ఇల్లు చూసి అప్పుడు చెప్తానంది. అంటే ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఆ ముసలామె ముఖం చిట్లించిందా, మా వాడి పెళ్ళి అక్కడితో సరి.

వచ్చేవాళ్ళకు భోజనాల బాధ్యత నేను తీసుకున్నాను. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. నా వాదన ఏమిటంటే, వంటకు సగం రుచి మంట ఇస్తుంది. తుమ్మ నిప్పుల మీద మగ్గిన కొర్రన్నం వేరు, చింతమొద్దు నిప్పుల్లో కాలిన వంకాయ వేరు. గ్యాసు మీద చేసేది వంట కాదు, వేడిచేయడం. నాకు బోటనీలో డిగ్రీ ఉంది కాబట్టి ఈ విషయంలో చివరి మాట నాదేనని కూడా చెప్పాను. మా అమ్మకు డిగ్రీలంటే భయం లేదు.

"సిలిండరు నిండుగా ఉంది. దాని మీద వండేదానికి నీకేం రోగం?" అంది.

"రుచి ఉండదమ్మా."

"మార్కాపురంలో నువ్వు దేని మీద వండుతాండావు?"

"గ్యాసు మీదే."

"మరి మా అల్లుడు ఎట్ల తింటాండాడు?"

"అందుకే అట్ల చిక్కిపోయినాడు" అన్నాను. వాదనలో గెలవడానికి మొగుణ్ణి బలివ్వడం నాకు కొత్త కాదు.

నాయన తుమ్మ మొద్దులు చీల్పించి పెరట్లో పేర్చాడు. వంటకు సుబ్బరాయుడు వచ్చాడు. ఆయన వంట కంటే ఆయన చొక్కా తెలుపు మా మండలంలో ప్రసిద్ధి. కట్టెల పొయ్యి అనగానే ఆ చొక్కా వైపు దిగులుగా చూసుకుని, పైన తువ్వాలు కప్పుకున్నాడు. ఇక మా ఊళ్ళో వాన ఎట్లాంటిదంటే, జనం ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసినా రాదు. ఆ వాన, అడగని చుట్టంలా ముందురోజు సాయంత్రం దిగింది. తెల్లవారేసరికి తుమ్మ మొద్దులు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి.

రేకుల కింద కొంచెం కందికట్టె పొడిగా మిగిలింది. కందికట్టె మంట ఎట్లాంటిదో తెలిసినవాళ్ళకు తెలుసు. చిటపటమంటూ మీదికి లేస్తుంది, కూర్చుని మాట్లాడదామనేలోపు వెళ్ళిపోతుంది. దాంతో కోడిపులుసు అయింది. కొర్రన్నం ఎసరు కాగే వేళకు కందికట్టె అయిపోయింది. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. స్వాతి వాళ్ళ నాన్న దిగాడు, అమ్మ దిగింది, తర్వాత ఇద్దరు చేతులందిస్తే ఓబులమ్మ జేజి దిగింది. దిగీ దిగగానే కాలితో మా నేలను రాసి చూసింది, తడి ఉందా లేదా అన్నట్టు. రాత్రి వాన పుణ్యమా అని ఉంది. వసారాలో నులకమంచం మీద కూర్చోబెట్టారు.

పెరట్లో పొయ్యి ఆరిపోతోంది. రేకుల షెడ్డు వెనక మూలన మిరపకట్టె మోపులు కనిపించాయి.

ఇక్కడ నా తరఫున ఒక మాట చెప్పుకోవాలి. మిరపకట్టె పొయ్యిలో పెట్టడం మా వైపు వింతేమీ కాదు. చివరి కోత కోశాక చెట్లు పీకి, ఎండబెట్టి, మోపులు కట్టి పెట్టుకుంటారు. నా చిన్నతనమంతా స్నానానికి నీళ్ళు కాగింది దాంతోనే. కానీ ఆ ఏడు మిరప ధర ఎంత పడిపోయిందంటే, చివరి కోతకు కూలి ఖర్చు కూడా రాదని నాయన కాయ కోయించలేదు. చెట్లను కాయలతో సహా పీకించేశాడు. ఆ సంగతి నాకు ఫోనులో చెప్పానంటాడు. చెప్పే ఉంటాడు. ఆ సమయానికి ఇటుపక్క నేను మాట్లాడుతూ ఉండి ఉంటాను.

మోపులో అక్కడక్కడ ఎర్రగా కనపడకపోలేదు. ఏరగా మిగిలిన తాలుకాయలు అనుకున్నాను. సుబ్బరాయుడు మాత్రం, దీని పొగ చొక్కాకు పట్టుకుంటుందేమోనని అనుమానించాడు.

"ఏ చెట్టు కట్టె అయితే ఏంది? అంతా సెల్యులోజే" అన్నాను.

"సెల్లు ఇంట్లోనే పెట్టినా పాపా, తడుస్తాదని" అన్నాడు.

అంతటి శాస్త్రచర్చ ముగిశాక మోపు మోపంతా పొయ్యిలోకి తోసి, విసనకర్ర అందుకున్నాను.

మిరప మొక్క శాస్త్రీయ నామం నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. దాని కుటుంబం, పువ్వు నిర్మాణం, గింజల అమరిక, అన్నీ చెప్తాను. మోపెడు కాయలు ఒకేసారి మండితే ఏమవుతుందన్నది మాత్రం మా సిలబస్‌లో లేదు. ముందు మంట అందంగా లేచింది. నేను అమ్మ వైపు గర్వంగా చూశాను. తర్వాత సుబ్బరాయుడు తుమ్మాడు. మామూలు తుమ్ము కాదు, తువ్వాలు ఎగిరి పప్పు గిన్నెలో పడింది. ఆ తర్వాత గాలి మళ్ళింది. నల్లమల వైపు నుంచి ఎన్నడూ పనికొచ్చే గాలి రాని మా ఊరికి, ఆ క్షణంలో వచ్చిన గాలి నా పొగను మొత్తం ఎత్తుకుని నేరుగా వసారాలోకి తీసుకెళ్ళింది.

అక్కడ మా నాయన ఓబులమ్మ జేజికి మా బోరు గొప్పతనం వివరిస్తున్నాడు. "మాకు నీళ్ళకు మటుకు కొదవ లే..." అన్నంతవరకు వినిపించింది. ఆ తర్వాత నిజంగానే కొదవ లేకపోయింది. అందరి కళ్ళ నుంచీ ధారలు. స్వాతి నాన్న దగ్గు డప్పులా మొదలైంది, వాళ్ళమ్మ దగ్గు సన్నాయిలా అందుకుంది, మా మేనమామ తుమ్ములతో తాళం వేశాడు. ఎవరు ఎవరి మీద పడుతున్నారో తెలియలేదు. నాయన తలుపనుకుని గేదెల కొట్టంలో దూరాడు. సుబ్బరాయుడు బిందెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో గుమ్మరించడంతో, అంతవరకు పలచగా ఉన్న పొగ చిక్కబడింది. వీధిలో ఆ సమయానికి పోతున్న గొర్రెల మంద మొత్తం నిలబడి తుమ్మింది. గొర్రెలు అట్లా వరుసగా తుమ్ముతాయని నాకు ఆరోజే తెలిసింది. వాటి కాపరి మా ఇంటి వైపు చూసిన చూపు ఇక్కడ రాయదగింది కాదు.

అందరం ఎదురింటి అరుగు మీద తేలాం. మా తమ్ముడు ఇస్త్రీ చొక్కా కొసతో కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీకు నేనేం అన్యాయం చేసినానక్కా?" అన్నాడు.

చేతిలో ఇంకా ఉన్న విసనకర్రను వీపు వెనక్కి దాచుకున్నాను.

ఇక వీధి వీధంతా వైద్యులైపోయింది. ఒకామె తులసి ఆకు నమలమంది. ఒకామె వాము బుగ్గన పెట్టుకోమంది. ఇంకొకాయన అడ్డసరం ఆకు రసానికి మించింది లేదని ఆకు కోసుకురావడానికి చేనికి పరుగెత్తాడు, మళ్ళీ సాయంత్రం దాకా కనపడలేదు. కరక్కాయ ముందా, తులసి ముందా అని ఇద్దరు తగువు పడ్డారు. మర్యాదకు పోయిన స్వాతి నాన్న అందరివీ పుచ్చుకున్నాడు. ఒక బుగ్గలో కరక్కాయ, ఇంకో బుగ్గలో తులసి, నాలుక కింద వాముతో ఆయన కూర్చున్నాడు. మా నాయన క్షమాపణ అడుగుతుంటే తల మాత్రమే ఊపగలుగుతున్నాడు.

ఓబులమ్మ జేజి ఎవరి మందూ తీసుకోలేదు. కళ్ళు ఎర్రగా చేసుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మా ఇంటి కప్పు మీద ఇంకా తేలుతున్న పొగనే చూస్తోంది. స్వాతి అమ్మ మెల్లగా, ఇక బయల్దేరుదామా అత్తా అని అడిగింది. జేజి నన్ను చేత్తో దగ్గరికి పిలిచింది.

"ఏం కాల్చినావే అమ్మీ?"

"మిరపకట్టె జేజీ."

"ఉత్త కట్టేనా?"

శ్రీను నా వైపు చూస్తున్నాడు. అబద్ధమాడదామంటే ఇద్దరి ముక్కులూ సాక్ష్యంగా కారుతున్నాయి. "కాయలతో సహా" అన్నాను. "మోపు."

"మోపు" అని తనలో తాను అనుకుంది. వీధంతా దగ్గు ఆపుకుని వింటోంది.

"మా స్వాతికి సంబంధం వచ్చినప్పుడల్లా గుప్పెడు మిరపకాయలు దిష్టి తీసి పొయ్యిలో వేస్తా వచ్చినా. ఒక్కనాడు ఒక్కరికి తుమ్ము రాలా. ఘాటే లేదు. అంత దిష్టి ఉండాది ఆ పిల్లకు. ఈడ చూడు, ఊరు ఊరంతా దగ్గింది. గొర్రెలు సైతం తుమ్మినాయి. ఈ ఇంటి మీద ఒక్క పాడు కన్ను కూడా లేదు." కొడుకు వైపు తిరిగింది. "పిల్లనిస్తామని చెప్పురా."

ఆయన చెప్పలేకపోయాడు, బుగ్గలు ఖాళీగా లేవు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. శ్రీను అరుగు మీదే కూలబడ్డాడు.

నా సంగతి మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాలో బోటనీ లేచి నిలబడింది. అది దిష్టి కాదు జేజీ, ఏనాటివో పాతబడ్డ కాయలు అయ్యుంటాయి, పైగా మీ వంటింట్లో పొగగొట్టం ఉండి ఉంటుంది, ఘాటు పైకి పోయుంటుంది అని వివరించడానికి నోరు తెరిచాను. తెరిచిన నోట్లో అమ్మ కరక్కాయ పెట్టింది. అదే క్షణంలో శ్రీను తన కొత్త బూటుతో నా కాలి బొటనవేలు తొక్కి, అట్లాగే నిలబడ్డాడు. నా జీవితంలో గెలవగలిగి వదిలేసిన వాదన అదొక్కటే. దాని రుచి ఇప్పటికీ గుర్తుంది, వగరు.

భోజనాలయ్యాయి. అమ్మ కొర్రన్నం దేని మీద వండిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆటో ఎక్కుతూ ఓబులమ్మ జేజి మా నాయనకు ఒకే ఒక్క షరతు పెట్టింది. పెళ్ళికి వంటల దగ్గరికి పెద్దమ్మాయిని రానీయకూడదని. పెళ్ళిలో నన్ను పూల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడా సుబ్బరాయుడు వచ్చి, నా పక్కన మండేదేదీ లేదని ఒకసారి చూసుకుని పోయాడు.

శ్రీనుకూ స్వాతికీ ఇప్పుడు ఇద్దరు పిల్లలు. కాపురం బాగానే ఉంది. అందరి కాపురాల్లాగే అప్పుడప్పుడు పోట్లాడుకుంటారు. పోట్లాడుకున్న ప్రతిసారీ మా మరదలు నాకు ఫోను చేసి ఒకటే మాట అంటుంది.

"ఆ పొగేదో ఇంకాస్త గట్టిగా పెట్టుండకూడదా వదినా?"

కావున, బోటనీ పట్టభద్రురాలినైన నేను, నా మొగుడి సమక్షంలో, ఆయన దగ్గు ఆపుకుంటుండగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కాయ దులపని కట్టెను నేను ముట్టను, ముట్టించను, ముట్టించేవారికి విసనకర్ర అందించను. మోపు విప్పి, పుల్ల పుల్లా తిప్పి చూసి, మా నాయనకు ఫోను చేసి, ఆయన చెప్పేది పూర్తిగా విన్న తర్వాతే అగ్గిపుల్ల గీస్తాను. ఇందులో చివరిది నిలబెట్టుకోవడం కష్టమని మా ఇంట్లోవాళ్ళు అంటున్నారు. దాని మీద వాళ్ళతో వాదన నడుస్తోంది.