మామ అమ్మిన మూలికల పొడి

మేం అమ్మను అవ్వ, నాయినను బాపు అనే పిలిచేటోళ్లం. అవ్వ జుట్టు విప్పితే పిక్కల దాకా వచ్చేది. తలకు కుంకుడుకాయ తప్ప ఇంకోటి తగలనియ్యలేదు. కొత్తగూడ అడవి నుంచి ఒకామె గంపల కాయలు తెస్తే, అవ్వ ఒక్కో కాయను చెవి దగ్గర ఆడించి, లోపల గింజ చప్పుడైతేనే తీసుకునేది.

తెలంగాణ కొట్లాటల బడులు బందయినప్పుడు నా సదువు ఆగింది. ఆ తర్వాత కొన్నేండ్లకు, మానుకోట బజార్ల బాపు మేనత్త కొడుకు దుకాణం పెట్టిండు. నాకు మామ వరస. ఒకనాడు ఇంటికొచ్చి అవ్వ చేతిల డబ్బా పెట్టిండు. దాని మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మ, కింద ‘స్వచ్ఛమైన అడవి మూలికల తలపొడి’ అని అచ్చు.

“చెల్లె, ఇంకా కుంకుళ్లు కొట్టుకుంట కూసుంటవా? కుంకుడు, సీకాయ, మందారాకు అన్నీ గిండ్లనే ఉన్నయి. కండ్లు సుత మండవు.”

అన్న వరసైనోడు చెప్పిండని అవ్వ నమ్మింది.

తలకు రుద్దుకున్న కొద్దిసేపటికే “మంట, మంట” అనుకుంట నీళ్ల గోలెం దిక్కు ఉరికింది. నేను చెంబులకు చెంబులు నీళ్లు గుమ్మరించిన. అయినా నెత్తంత బొబ్బలు లేచినయి. దవాఖానల డాక్టరు ఆ పొడిని నీళ్లల తడిపి వేళ్ల మధ్య రాసి చూసి, “మూలికలు కాదమ్మా, తోలు కాల్చే గాటు సోడా కలిపిండ్రు” అన్నడు. పుండ్లు మానాలంటే జుట్టు తియ్యాల్సిందే అన్నడు. కత్తెర చప్పుడుకు అవ్వ ఏడువలేదు. నేనే బయటికొచ్చి ఏడ్చిన.

బాపు పోయి నిలదీస్తే మామ దుకాణంల అందరి ముందట నవ్విండు. “చెల్లె పేన్లకు ఏదో విషం రాసుకున్నట్టుంది బావా. ఇప్పుడు నా పొడి మీద పెడ్తున్నది.” బాపు మెత్తటి మనిషి. తలొంచుకొని వచ్చిండు. ఆ మాట మాత్రం బజారంత తిరిగింది. అవ్వ నెత్తికి కొంగు చుట్టుకొని తిరిగేది. పేరంటాలకు పిలుపులు తగ్గినయి. తెలియనామె ఒకామె, కొంగు కింద అవ్వ బోడినెత్తి చూసి, మీ నాయిన బతికే ఉన్నడా అని నన్నడిగింది. ఆ పూట నాకు అన్నం దిగలేదు. మామను ఏం చెయ్యాల్నా అని ఒక్కటే ఆలోచన.

అవ్వ పుండ్లకు పసుపు రాసిన గుడ్డలు నానబెట్టినప్పుడు, మురికన్న పోతదని మిగిలిన పొడిల నుంచి చారెడు ఏసిన. నీళ్లు నెత్తురు లెక్క ఎర్రబడ్డయి. దిష్టి తియ్యనీకి పసుపుల సున్నం కలిపితే అట్లనే అయితది. కుంకుడు రసంల పసుపు కలిపి చూసిన. పచ్చగనే ఉన్నది. అంటే పొడిల ఉన్నది కుంకుడు కాదు, సున్నం లెక్క కాల్చేదే. డబ్బా మూత బిగించి దాచిపెట్టిన.

ఎండకాలంల మామ కొడుకు పెండ్లి. చుట్టరికం తప్పక మేం సుత పోయినం. పిలగానికి నలుగు పెట్టనీకి ముత్తైదువలను పిలుస్తున్నరు. అవ్వ లేవబోతే మామ భార్య “నువ్వు కూసో వదినె, అందరు చూస్తరు” అన్నది. అవ్వ కూసున్నది.

నేను లేచిన. పెండ్లిపిలగానికి మరదలి వరస, ఆట పట్టించే హక్కు నాది. పసుపు నీళ్ల గంగాళం పక్కకు పోయి, కొంగు చాటు నుంచి డబ్బా తీసిన.

“మామా, బావకు మన పొడితోనే తలంటుదం!”

అందరు నవ్విండ్రు. మామ పందిరి అవతలి నుంచి ఉరికొచ్చిండు. “ఏయ్, వద్దు! గది వద్దు! వాని నెత్తి కాలిపోతది!”

నవ్వులు ఆగిపోయినయి.

“ఎందుకు కాలుతది మామా? కుంకుడు, సీకాయనేనాయె.”

డబ్బా గంగాళంల బోర్లించిన. పచ్చటి నీళ్లు ఎర్రగ తిరిగినయి. వంగి చూసిన ఆడోళ్లు “కుంకుడైతే పసుపు ఎర్రబడదు గద, సున్నం అసొంటిదేదో ఉన్నది” అనుకున్నరు. నేను చెంబు ముంచి మామ దిక్కు తిరిగిన.

“నువ్వు రా మామా. పేన్లు ఎవరి నెత్తిల ఉన్నయో చూద్దం.”

ఆయన ఎనుకకు అడుగేసి పందిరి గుంజకు తగిలిండు. అప్పుడు అవ్వ నడుసుకుంట మధ్యలకొచ్చి, కొంగు తీసి మచ్చలు పడ్డ నెత్తి చూపించింది.

బజారోళ్లు కొన్న డబ్బాలన్నీ దుకాణం ముందట తెచ్చి కుప్ప పోసిండ్రు. మామ దుకాణం మూసి గార్ల ఊరికి పోయిండు. పెండ్లింట్ల గంత పగ ఎందుకే అని చుట్టాలు నన్నే తిట్టిండ్రు. “మా అవ్వ నెత్తి కాలినప్పుడు మీరంత ఏడవోయిండ్రు?” అన్న.

తర్వాత ఆకుల బొమ్మలు, పూల బొమ్మలున్న సీసాలు ఎన్నో వచ్చినయి. నేను మాత్రం కాయను కాయగనే కొన్న, ఇంట్లనే దంచుకున్న.

చాన ఏండ్లకు మామ మా ఇంటికొచ్చి, “చెల్లె, తప్పయింది” అన్నడు. అవ్వ మంచినీళ్లిచ్చింది. నేను లోపలి గడప దాటి బయటికి రాలేదు. “బజార్ల అన్న మాట బజార్లనే వాపసు తీస్కో మామా. ఇంట్ల చెవుల చెప్తే నడువది” అన్న. ఆయన నీళ్లు తాగి పోయిండు.

ఆయన సచ్చిపోయిండని కబురొస్తే అవ్వ, బాపు గార్లకు పోయిండ్రు. నేను పోలేదు. పొయ్యి ముట్టించి, వండుకొని, కడుపునిండ తిన్న.