ఇర్మా మందలో చూడి పరీక్ష

వెర్డెల్ హాస్కెట్ ముప్పై నాలుగేళ్లుగా ఆవుల కడుపుల్లో చెయ్యి పెట్టి బతుకుతున్న మనిషి. నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లో అక్టోబరు వచ్చిందంటే పశువుల డాక్టరుకి తిండి తినే తీరిక ఉండదు. బయళ్ల నుంచి మందల్ని తోలుకొస్తారు. ఏవి చూడి కట్టాయో, ఏవి కట్టలేదో తేల్చాలి. కట్టినది చలికాలమంతా ఎండుగడ్డి తింటుంది. కట్టనిది సంతకి, అటు నుంచి కబేళాకి పోతుంది. ఆ తీర్పు ఆయన కుడిచేతిది. భుజం అరిగిపోయి ఏళ్లయింది. మానేద్దామని ఏటా అనుకుంటాడు, మానడు. ఏం చేస్తాడు పాపం, ఆయన మానేస్తే చూసేవాడు లేడు.

ఆ రోజు ఇర్మా క్లాసెన్ మంద. మొగుడు పోయాక తొంభై ఆవుల్ని ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. ఆవు బోనులోకి రాగానే వెర్డెల్ భుజందాకా చెయ్యి దూర్చి "ఉంది" అనో "లేదు" అనో కేకేస్తాడు. లేదంటే ఇర్మా దాని వీపు మీద సుద్దతో గీత గీస్తుంది.

"లేదు."

"మళ్లీనా?"

"మళ్లీనే."

ఏటా మంద మొత్తానికి నాలుగో ఐదో గీతలు పడేవి. ఈసారి సగం మంద చూసేసరికే పదిహేడు గీతలు పడ్డాయి. వెర్డెల్‌కి సంగతి అర్థమైంది. ఇది ఆబోతు నుంచి సోకే రోగం. ఆబోతు పైకి నిక్షేపంలా ఉంటుంది, అది ఎక్కిన ఆవుకి మాత్రం కడుపు నిలవదు.

వసంతంలో ఇర్మా ఆబోతు కుంటిదైతే, పక్క పశువుల రాంచ్ నడిపే ఓర్విల్ బ్రండ్ తనది అరువిచ్చాడు. ఇక్కడ పొరుగువాడిచ్చిన ఆబోతుకి పరీక్ష చేయిస్తే వాడి ముఖాన ఉమ్మినట్టే. అయినా ఇర్మా సిగ్గు విడిచి వెర్డెల్‌ని అడిగింది. ఆమె అడిగిన రోజు భుజం సలుపుతోంది, ఎప్పుడు ఇల్లు చేరదామా అని ఉంది ఆయనకి. "ఓర్విల్ మందకేం రోగం, వదిలెయ్యి" అన్నాడు. పావుగంట పని!

ఆయన చేతితొడుగు ఊడదీశాడు.

"ఇర్మా, ఇది ఆబోతు తెచ్చిన రోగం. పరీక్ష చెయ్యమని నువ్వడిగావు. వద్దన్నది నేనే."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ఎండాకాలం నుంచి. అవి మళ్లీ మళ్లీ ఎదకి వస్తుంటే చూస్తూనే ఉన్నా కదా."

"మరి నన్నెందుకు పిలిచావు?"

"ఇంకెవర్ని పిలవను? నూరు మైళ్లలో ఉన్న డాక్టరువి నువ్వొక్కడివే. తొడుగేసుకో, ఇంకా సగం ఉన్నాయి."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి. కొత్త తొడుగు వేసుకున్నాడు. తర్వాతి ఆవు లోపలికొచ్చింది.

"లేదు" అన్నాడు.

ఇర్మా సుద్ద ఎత్తలేదు. వినపడలేదేమోనని గొంతు పెంచి ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది.