వళ్ళియమ్మాళ్ రాసిన పరీక్ష

వళ్ళియమ్మాళ్ ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు టైపు చేస్తోంది గానీ, ఆ ఇంగ్లీషులో ఏముందో ఎప్పుడూ పట్టించుకోలేదు. కోయంబత్తూరులో ఒక యూనివర్సిటీ గేటుకు ఎదురుగా తమిళరసన్ నడిపే జెరాక్సు కొట్టులో ఆమె పని. పరిశోధన చేసే పిల్లలు చేత్తో రాసుకొచ్చిన కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఒకరిది చేపల రోగాల మీద, ఇంకొకరిది నూలు మిల్లుల మీద. అక్షరం కంట్లో పడితే వేలు కదలాలి, మధ్యలో బుర్ర అడ్డం రాకూడదని ఆమెకు టైపు నేర్పిన మాస్టరు చెప్పాడు. ఆమె అదే పాటించింది. రాసినవాళ్లు తప్పు రాస్తే తప్పే కొట్టేది. అందుకే ఆమె పనికి పేరొచ్చింది.

ఆమె చదివింది ప్లస్‌టూ. అన్నూరు దగ్గరి పల్లె నుంచి పెళ్లయి ఈ వీధికి వచ్చింది. భర్త సుడలై ఒట్టన్‌చత్రం మార్కెట్టు నుంచి కూరగాయల లోడు తోలే డ్రైవరు. వీధిలో నలభై ఇళ్లూ తెలుగు మాట్లాడేవే. ఆ తెలుగుకు అక్షరాలున్నాయని ఆమెకు తెలుసు. తిరుపతి వెళ్లినప్పుడు బస్సు బోర్డుల మీద చూసింది, అంతే. చదవడం రాదు. బడికి తమిళం, పనికి ఇంగ్లీషు, ఇంటికి తెలుగు. మూడూ దేని గదిలో అది ఉండేవి.

ఒక ఆదివారం పొద్దున పక్కింటి ఆనంది వచ్చి గడపలో కూర్చుంది. ఆమె కూతురు ఇలక్కియకు పుట్టుకతోనే చూపు లేదు. ఇరవై రెండేళ్ల పిల్ల, ఆ ఏడే ఎం.ఏ. ఇంగ్లీషులో చేరింది. ఆ అమ్మాయి చెబుతుంటే పరీక్షలో రాసిపెట్టే మనిషి కావాలి.

"వదినా, ఇంతనాళ్లు రాసిన పిల్ల డిగ్రీ ముగించేసె. ఇంగ ఆ పిల్ల రాయగూడదంట. రాసేవాళ్లు మా పాపకంటే తక్కువ చదివుండాలంట. నువ్వుదా, నువ్వే సరిపోతావు" అంది ఆనంది.

తక్కువ చదివినందుకు ఎవరైనా తనను కోరుకోవడం వళ్ళియమ్మాళ్‌కు అదే మొదటిసారి. నవ్వొచ్చింది. సరేనంది.

పరీక్ష రాయడమే కాదు, పాఠాలు చదివి వినిపించే పనీ ఆమె మీదే పడింది. మామూలు పుస్తకాలనైతే ఇలక్కియ ఫోనే చదివి పెట్టేది. కానీ సాహిత్య సిద్ధాంతం అనే పేపరుకు ప్రొఫెసరు ఇచ్చినవి పాత జెరాక్సులు, గీతలు గీసి, అంచులు చెరిగిపోయినవి. ఫోను వాటిని చూసి ఏదేదో వాగేది. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరూ వెనక వరండాలో చాప వేసుకునేవారు. వళ్ళియమ్మాళ్ టైపు కొట్టినట్టే చదివేది, ఆగకుండా, ఎత్తుపల్లాలు లేకుండా. ఇలక్కియ బ్రెయిలీ కాగితం మీద టకటకా పొడుచుకునేది.

నాలుగో వారం ఒకచోట ఒకే వాక్యం తొమ్మిది వరసలు సాగింది. చదివి చదివి వళ్ళియమ్మాళ్‌కు ఊపిరాడలేదు.

"కణ్ణు, తల్లీ, ఇది రాసినవాడు ఏమి చెప్పవచ్చినాడు?" అని అడిగింది. అడిగాక తానే ఆశ్చర్యపోయింది. ఇరవై ఏళ్లలో ఏ కాగితం గురించీ ఆమె అలా అడగలేదు.

ఇలక్కియ చెయ్యి ఆపింది. "అది అడగగూడదంటారు అత్తా, ఈ పాఠంలో. రాసినవాని మనసులో ఏముండె అని తవ్వద్దంట. చదివేవాళ్లకు తోచేదేదో అదే అర్థమంట."

"అట్లయితే నాకేమీ తోచలేదు. అప్పుడు దీనికి అర్థమే లేదా?"

ఇలక్కియ పకపకా నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి ఆలోచనలో పడింది. "తెలీదత్తా. ప్రొఫెసర్ని అడగాల."

ఆ రోజు నుంచి చదివిన దానికి ఇలక్కియ తెలుగులో అర్థం చెప్పడం మొదలుపెట్టింది. మాట వేరు, మాట వినగానే మనసులో మెదిలేది వేరు అని చెప్పింది. చెవికి వినబడేది సిగ్నిఫయర్, మనసులో మెదిలేది సిగ్నిఫైడ్. ఈ రెంటినీ ముడివేసింది దేవుడు కాదు, మనుషులే. "చూడు, మనము నీళ్లు అంటాము. బయట తమిళంలో తణ్ణి అంటారు. తన పేరేమో ఆ నీళ్లకు తెలుసునా?"

వళ్ళియమ్మాళ్ వరండా మూలనున్న బిందె వైపు చూసింది. నీళ్ల అసలు పేరు నీళ్లేననీ, తక్కినవి బయటివాళ్లు పెట్టుకున్న పేర్లనీ ఆమె ఇంతకాలం అనుకుంటూ వచ్చింది. అలా అనుకుంటున్నట్టు కూడా ఆమెకు తెలియదు, ఇప్పుడే తెలిసింది. తెలిసిన మరుక్షణం ఆ నమ్మకం చేజారిపోయింది. ఆ సాయంత్రం సుడలైకి భోజనం పెడుతూ ఈ మాటే చెప్పింది.

"దీనికి ఎం.ఏ. చదవాలా? మార్కెట్టులో ఒకే వంకాయకు మూడు పేర్లుండాయి. ఏ పేరు పెట్టినా ఈగలు వాలేది వాల్తాయి" అని సుడలై అన్నం కలుపుకున్నాడు.

అతనికి ఇందులో వింతేమీ కనబడలేదు. ఆమెకేమో ఆ రాత్రంతా నోటికొచ్చే ప్రతి మాటా పరాయిదానిలా అనిపించింది.

కొట్టులో కూడా చిక్కులొచ్చాయి. బుర్ర అడ్డం రావడం మొదలైంది. కాగితంలో ఉన్నది చదివి, దాని అర్థమేమిటా అని ఆగేది. చేతి వేగం తగ్గింది. ఒకసారి ఒక అబ్బాయి సిద్ధాంత గ్రంథంలో 'లేదు' అనే అర్థమొచ్చే చోట 'ఉంది' అని ఉంది. పై వాక్యాన్ని బట్టి అది పొరపాటేనని ఆమెకు తోచి సరిచేసింది. ఆ అబ్బాయి వచ్చి గొడవ చేశాడు. అది పొరపాటు కాదట, ముందటి పండితుడితో తన పేచీ అదేనట. తమిళరసన్ ఆమెను పక్కకు పిలిచి, "నిన్ను ఎవరక్కా చదవమన్నారు? కొట్టమన్నాం గానీ" అని తమిళంలో మందలించాడు. ఆమెకు తలకొట్టేసినట్టయింది. ఇక ముందు ఉన్నది ఉన్నట్టే అని గట్టిగా అనుకుంది.

నవంబరులో సాహిత్య సిద్ధాంతం పరీక్ష. వాళ్లిద్దరికీ వేరే గది ఇచ్చారు. కిటికీ దగ్గర ఒక మేడం కాపలా కూర్చుంది. ఇలక్కియ చెప్పింది తప్ప ఇంకేమీ మాట్లాడకూడదని మొదటే హెచ్చరించింది. మొదటి రెండు జవాబులు సాఫీగా సాగాయి. మూడోది మాటకూ అర్థానికీ ఉన్న ముడి గురించే. ఇలక్కియ కళ్లు మూసుకుని, గడ్డం పైకెత్తి, ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోతోంది. చెవికి వినబడేది సిగ్నిఫైడ్ అనీ, మనసులో మెదిలేది సిగ్నిఫయర్ అనీ వళ్ళియమ్మాళ్ చెవిన పడింది.

కలం ఆగిపోయింది.

తారుమారైంది. వరండాలో బిందె పక్కన నేర్చుకున్నదానికి ఇది తలకిందులు. చెబుదామంటే కిటికీ దగ్గర మేడం. రాయకుండా ఉందామంటే ఇలక్కియ గొంతు ముందుకు పరిగెడుతోంది.

"ఏంటికి నిలిపితివి అత్తా?" అంది ఇలక్కియ.

మేడం తలెత్తింది. వళ్ళియమ్మాళ్ కలాన్ని మళ్లీ కాగితం మీద ఆనించింది. గబుక్కున రెండు మాటలనూ అటుదిటూ ఇటుదటూ మార్చి, సరైనదని తనకు తోచినట్టే రాసేసింది. ఒక పేజీ అలాగే నిండింది. పేజీ తిప్పుతుంటే సందేహమొచ్చింది. ఎం.ఏ. చదివేది ఆ పిల్లా, తానా? కొట్టులో అబ్బాయి వేసిన కేకలు చెవుల్లో మోగాయి. ఇదీ ఎవరితోనో పేచీ అయితే? రెండో పేజీ నుంచి ఇలక్కియ నోట వచ్చింది వచ్చినట్టే రాసింది. రాశాననే అనుకుంది.

బయటికొచ్చాక ఇలక్కియ హుషారుగా ఉంది. "మూడోది భలే రాస్తిమి అత్తా!" అంది. వళ్ళియమ్మాళ్ "ఆ" అని ఊరుకుంది.

జనవరిలో ఫలితాలు వచ్చాయి. తక్కిన పేపర్లన్నిటిలో డెబ్బైకి అటూ ఇటూ వస్తే, ఇందులో మాత్రం యాభై రెండు. పాసైంది గానీ, అన్నిటికన్నా బాగా రాశానని ఇలక్కియ అనుకున్నది ఈ పేపరే. "ఎట్లా? ఎట్లా తగ్గె?" అని నాలుగుసార్లు అడిగింది. అప్పుడిక దాచలేక వళ్ళియమ్మాళ్ చెప్పేసింది. నువ్వు తారుమారు చేసి చెప్పావు, నేను ఒక పేజీ సరిదిద్దాను, రెండో పేజీ దిద్దలేదు అని.

ఇలక్కియ ముఖం ఎర్రబడింది. "నేను మార్చి చెప్పలేదు."

"నా చెవులారా వింటిని కణ్ణు."

"నాకుండేది చెవులొక్కటే అత్తా. నా నోటి మాట నాకు తెలీదా? అది నా పరీక్ష. తప్పయినా నాది నాకు రాసియ్యాల."

ఆనంది ఇద్దరి మధ్యా నిలబడి బిత్తరపోయింది. ఏ మాట ఎటు మారితే ఏమి మునిగిందో ఆమెకు అర్థం కాలేదు.

జవాబు పత్రం నకలు కోసం యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టారు. మూడు వారాలకు వచ్చింది. మళ్లీ అదే వరండాలో వళ్ళియమ్మాళ్ తన చేతిరాతను తానే చదివి వినిపించింది. మూడో జవాబు మొదటి పేజీలో అంతా సరిగా ఉంది. రెండో పేజీ అంతా తలకిందులు. ఆ పక్కన అంచులో ఎర్ర సిరాతో పెద్ద ప్రశ్న గుర్తు.

"చూస్తివా? రెండోది నువ్వు చెప్పినట్టే రాసితిని" అంది వళ్ళియమ్మాళ్.

"మొదటి పేజీలో ఉండేదే నేను చెప్పింది. రెండో దాంట్లో నువ్వు గందరగోళపడినావు" అంది ఇలక్కియ.

వళ్ళియమ్మాళ్ ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూసింది. కాగితం మీద ఉన్నది తన అక్షరాలు. ఆ అక్షరాల్లో ఇలక్కియ గొంతు ఎక్కడా లేదు. ఆ గదిలో ఏ మాట ముందు వినబడిందో గుర్తు చేసుకోబోయింది. ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వినబడింది. తాను విన్నదే తప్పేమో. మొదటి పేజీలో దిద్దాననుకున్నది నిజానికి దిద్దనే లేదేమో. రెండో పేజీలో ఉన్నది ఉన్నట్టు రాయాలన్న పట్టుదలతోనే చెడగొట్టిందేమో. ఎంత తవ్వినా అడుగు తగల్లేదు.

రెండు వారాలు ఇలక్కియ ఆమెతో మాట్లాడలేదు. ఆనంది వేరే మనుషుల కోసం వెతికింది. ఒకామె ఇంగ్లీషు చదవలేకపోయింది. ఇంకొకామె ఒక్క ఆదివారం వచ్చి మళ్లీ రాలేదు.

ఒక సాయంత్రం తెల్లకర్ర తాటించుకుంటూ ఇలక్కియే కొట్టుకు వచ్చింది. వళ్ళియమ్మాళ్ లేచి కుర్చీ చూపించింది.

"అత్తా, ఆఫీసులో అడిగితిని. రాసింది మళ్లీ చదివి వినిపించేదానికి రూల్సులో ఇడముండాదంట, చదవచ్చంట. మనము అడగనే లేదు."

"అట్లనా? ఆ మేడం వద్దనె కదా."

"ఊరికే మాట్లాడగూడదనె. చదవద్దనలేదు." ఇలక్కియ కాసేపు కర్ర పిడిని తిప్పింది. "నేనే మార్చి చెప్పితినేమో. నాకూ తెలీదు. నీ మీద అరిచింది తప్పు."

"నాకూ తెలీదు కణ్ణు" అంది వళ్ళియమ్మాళ్. ఆ మాటతో ఆమెకు కాస్త ఊపిరాడింది.

ఏప్రిల్‌లో వచ్చిన సిద్ధాంతం పరీక్షలో ప్రతి జవాబూ రాసి, తిరిగి చదివి వినిపించింది. రెండుచోట్ల ఇలక్కియ "కాదు, కాదు" అని మార్పించింది. ఒకచోట మార్చినదాన్ని మళ్లీ మొదటికే తెప్పించింది. అదనపు సమయమిచ్చినా ఆఖరి ప్రశ్న సగంలో ఆగిపోయింది. మార్కులు అరవై ఒకటి వచ్చాయి. తప్పుల వల్ల పోయినవెన్నో, సమయం చాలక పోయినవెన్నో ఇద్దరూ లెక్క తేల్చలేకపోయారు.

జూన్‌లో రెండో ఏడు మొదలైంది. కొత్త సిద్ధాంతం, కొత్త జెరాక్సుల కట్ట. వళ్ళియమ్మాళ్ కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ తీసింది. ఒక వాక్యం చదివింది. అర్థం కాలేదు. ఇంకోసారి, ఈసారి నిదానంగా, మాట మాటకూ ఆగి చదివింది.

"ఏమత్తా, తెలిసెనా?" అంది ఇలక్కియ.

"లేదు. నీకు?"

"నాకూ లేదు. ఇంకొకతూరి చదువు."