బడి తెరిచిన రోజున పుట్టినవాళ్లం

మా ఊరి బడి పెద్దసారు పోయారు. మంగళవారం పొద్దున అమ్మ ఊళ్లో టెలిఫోన్ బూత్ నుంచి మా ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పింది. పేపర్ చదువుతూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట. హైటెక్ సిటీలో నేను పనిచేసే గాజు మేడలో చావుకు సెలవు కావాలన్నా ఒక కాగితం నింపాలి. అందులో పుట్టిన తేదీ గడి చూడగానే నాకు నవ్వొచ్చింది. కళ్లనీళ్లతో నవ్వేవాడికి సెలవివ్వాలో వద్దో తెలియక మా సూపర్‌వైజర్ కాసేపు తికమకపడ్డాడు.

ఆ తేదీ పెద్దసారు పెట్టిందే. మా ఊళ్లో సగంమందికి ఒకటే పుట్టినరోజు, బడి తెరిచే రోజు. పుట్టినప్పటి కాగితాలు ఎవరి దగ్గరా ఉండేవి కావు. కుడి చెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి అందుకుంటే అయిదేళ్లు నిండినట్టు లెక్క. నాకు అప్పటికి నాలుగే. చెవి అందలేదు. అమ్మ కూలికి పోవాలి, ఇంట్లో నన్ను చూసే దిక్కు లేదు. పెద్దసారు నా చెయ్యి పట్టి లాగి, చెవికి తగిలించి, అందిందని రాసేసుకున్నారు. భుజం నొప్పికి సాయంత్రం దాకా ఏడ్చానని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆయనది వింత పద్ధతి. సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, మర్చిపోయి, బడంతా మాచేత వెతికించేవారు. ఎవరినీ కొట్టేవారు కాదు. ఎక్కం తప్పితే మాత్రం సాయంత్రం ఇంటికొచ్చి, ఆ ఎక్కం మన అమ్మకు అప్పజెప్పి పోయేవారు. అంతకంటే నాలుగు దెబ్బలే నయం. పదో తరగతి లెక్కల్లో నేను రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఆయనది ఒకటే మాట: "లెక్క తప్పితే ఫికర్ లేదు రా, బడి తప్పొద్దు."

ఆయన లాగిన ఆ ఒక్క ఏడాదే నా కొంప ముంచబోయింది. మా నాన్న సర్కారు ఆఫీసులో గుమాస్తా. మమ్మల్ని వదిలేసి కూకట్‌పల్లిలో వేరే కాపురం పెట్టాడు. నాకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా నెలనెలా ఖర్చులకు ఇవ్వాలని కోర్టు చెప్పింది. నేను ఇంటర్ రెండో ఏడాదిలోకి రాగానే ఆయన వకీలు నా బడి సర్టిఫికెట్ పట్టుకొచ్చి, అబ్బాయికి పద్దెనిమిది నిండాయి, ఇక ఆపేస్తాం అన్నాడు. నిజానికి నాకు పదిహేడే. ఆ డబ్బు ఆగితే చదువు ఆగినట్టే. హైటెక్ సిటీ కట్టేచోట ఇటుకలు మోసే పనికి అమ్మ అప్పటికే ఒక మేస్త్రీతో మాట్లాడి పెట్టింది.

పెద్దసారు అప్పటికి రిటైరయ్యారు. సంగతి తెలియగానే ఇస్త్రీ ధోవతి కట్టుకుని, బస్సెక్కి వచ్చి, సాక్షిగా బోనెక్కారు. ఈ తేదీ మీరే రాశారా అని జడ్జి గారు అడిగారు.

"నేనే రాసిన సార్. తప్పే రాసిన. వీళ్ల నాయినది గూడ నేనే రాసిన. అది గూడ తప్పే."

కోర్టంతా గొల్లున నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. నాన్నను తొమ్మిదేళ్లకు బడిలో వేస్తే, ఈయన అయిదని రాశారట. కాగితాలే నిజమైతే నేను పుట్టేనాటికి మా నాన్నకు పదమూడేళ్లు. జడ్జి గారు వేళ్ల మీద లెక్కేసుకుని నాన్న వైపు చూశారు. నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు.

అయినా రికార్డు రికార్డే, పద్దెనిమిది దాటితే నా చేతిలో ఏమీ లేదు అన్నారు జడ్జి గారు. అప్పుడు పెద్దసారు నాన్న వైపు తిరిగారు.

"నువ్వు నా దగ్గర తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడే నీకు మీసాలున్నయి, పెండ్లామున్నది, వీడు పుట్టిండు. అయినా నువ్వు పది పాసయ్యేదాంక మీ నాయిన రోజూ నీకు సద్ది మోసుకొచ్చిండు. పద్దెనిమిది నిండినయని ఒక్కనాడన్న ఆపిండా?"

 ఇంటర్ అయ్యేదాకా ఇస్తానని నాన్న నేల చూస్తూ అన్నాడు. జడ్జి గారు ఆ మాటే కాగితం మీద రాయించి సంతకం పెట్టించారు.

బయట చాయ్ బండి దగ్గర పెద్దసారు అమ్మకూ నాకూ చాయ్ తాగించారు. నేను గనక తప్పితే ఈసారి తానే కోర్టుకొచ్చి డబ్బు ఆపిస్తానని నా చెవి మెలిపెట్టి మరీ చెప్పారు. ఆ భయానికి కొంత, ప్రతి ఆదివారం ఆయన ఇంటి అరుగు మీద చేసిన లెక్కలకు కొంత, ఇంటర్ పాసయ్యాను. ఏ మేడకు ఇటుకలు మోయాల్సినవాణ్నో ఆ మేడలోనే ఇప్పుడు కుర్చీలో కూర్చుంటున్నాను. ఇదంతా మీ చలవే సారూ అని ఒక్కసారైనా ఆయనతో అనలేదు. బుద్ధిలేని వెధవని.

నేను వెళ్లేసరికి ఆయన వాకిలి నిండా బడి తెరిచిన రోజున పుట్టినవాళ్లే. నాన్న కూడా వచ్చి గోడవారగా నిలబడ్డాడు. పెద్దసారు చెవి మీద ఎవరో సుద్దముక్క పెట్టారు, ఎవరూ తీయలేదు. కాళ్లకు దండం పెట్టి లేచాక ఏమనిపించిందో, కుడి చెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకున్నాను. ఈసారి ఎవరూ లాగకుండానే అందింది.