మీటరు తిరగని ఇల్లు

ఆ నాలుగంతస్తుల ఇంట్లో మూడో అంతస్తు అక్కాబావలది. వాళ్ళ కిందే రెండో అంతస్తులో చెల్లెలు ఒక్కతే ఉండేది. ఊరి ఈతకొలనులో టిక్కెట్టు కౌంటరు దగ్గర ఆమె ఉద్యోగం. వచ్చినవాళ్ళకి టిక్కెట్టు చింపి ఇవ్వడం, లాకరు తాళం చేతిలో పెట్టడం, స్నానం చెయ్యకుండా నీళ్ళలోకి దిగబోయేవాళ్ళని కేకేసి వెనక్కి పిలవడం. రోజూ అంతమంది మనుషుల్ని తడిగా, సగం బట్టల్లో చూశాక ఆమెకి మనుషుల మీద పెద్ద భ్రమలేవీ మిగల్లేదు. బావ మీదైతే ఆ ఉద్యోగంలో చేరకముందు నుంచే లేవు.

బావ డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. బండి నేర్పడం కాదు, గదిలో బోర్డు మీద బొమ్మలు గీసి ఏ మలుపులో ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో చెప్పడం. తన కారు వెనక్కి తియ్యాల్సి వస్తే మాత్రం అక్క దిగి వెనకాల నిలబడి, "రండి, ఇంకొంచెం రండి, చాలు చాలు" అనాల్సిందే. ఒకసారి ఆమె "చాలు" అన్నాక కూడా వచ్చి గేటు గుద్దాడు. గట్టిగా చెప్పలేదని అక్కనే దులిపేశాడు.

అతనికి ఏడాదికో పిచ్చి పట్టేది. ఒక ఏడు ఉప్పు మానేశాడు. మానేశాడంటే ఇంట్లో మాన్పించాడు. డ్రైవింగ్ స్కూలు పక్క హోటల్లో ఏం తినేవాడో ఎవరికీ తెలీదు గాని బరువు మాత్రం పెరిగాడు. ఇంకో ఏడు లిఫ్టు ఎక్కడం ఆరోగ్యానికి చేటన్నాడు. పాపం అక్క గ్యాసు బండ వచ్చినా, బియ్యం బస్తా వచ్చినా మెట్ల మీదే ఎక్కించేది. తను మాత్రం మోకాలు పట్టేసిందని లిఫ్టులో వచ్చేవాడు. మంచి పని ఏదైనా ఎదుటివాళ్ళ చేత చేయిస్తే ఆ పుణ్యం తన ఖాతాలో పడుతుందని అతని నమ్మకం.

ఇంటి సంఘానికి అధ్యక్షుడు కావాల్సి వచ్చినప్పుడు, ఎవరూ బతిమాలకపోయినా అందరూ బతిమాలినట్టు ముఖం పెట్టి ఒప్పుకున్నాడు. ఆ వేసవిలోనే ఊళ్ళో నీళ్ళు రోజు విడిచి రోజు వదలడం మొదలైంది. నీళ్ళ కటకట నిజమే, పొదుపు చెయ్యాల్సిందే. ఆ మాట చెల్లెలూ కాదనలేదు. కాకపోతే ఆ పని బావ చేతిలో పడింది.

తన దగ్గర పాఠాలు విన్న ఒక దుకాణదారు దగ్గర నుంచి బావ సంచీడు షవర్ హెడ్లు తెచ్చాడు. నీళ్ళు ఆదా చేసే రకమని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ప్లంబరుని వెంటేసుకుని గడపగడపకీ వెళ్ళాడు. పాతది ఊడదీయించి కొత్తది బిగించేవాడు, కింద బకెట్టు పెట్టేవాడు, చేతి గడియారం చూస్తూ ఉపన్యాసం ఇచ్చేవాడు. "చూశారా, ఇదివరకు నిండేది, ఇప్పుడు సగమే. ఈ సగం నీళ్ళు మన పిల్లల భవిష్యత్తు."

ఆ షవర్ కింద నిలబడాల్సింది మాత్రం బకెట్టు కాదు, మనుషులు. దారాల్లాంటి ధారలు నాలుగు వచ్చేవి. రెండు గోడని కడిగేవి, ఒకటి సూటిగా కంట్లోకి కొట్టేది, మిగిలింది ఒంటికి. చెల్లెలు ఒక్కరోజు ఓపిక పట్టి మర్నాడే పాతది మళ్ళీ బిగించుకుంది. ఆమె ఎలాగూ ఒళ్ళు తడుపుకుని నీళ్ళు కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ తిప్పి కడుక్కుని బయటికొచ్చే మనిషి. కొలను దగ్గర జనం నీళ్ళు పారబోసే తీరు చూసి చూసి అబ్బిన అలవాటది. దానికి అధ్యక్షులవారి షవర్ అక్కర్లేదు.

అసలు చావు అక్కది. ఆమెకి నడుం దాకా ఒత్తుగా జుట్టు. ఆ తుంపరకి పైపొర తడిసేదే గాని లోపలికి చుక్క దిగేది కాదు. షాంపూ పెట్టుకున్నాక నురగ వదలడానికి అరగంట నిలబడాల్సి వచ్చేది. అరగంట నీళ్ళు తిప్పి ఉంచితే ఇక ఆదా ఏమిటో ఆ బోర్డు మీద బొమ్మలు గీసే మనిషికి తట్టలేదు.

"ఏవండీ, నా తలకి ఈ నీళ్ళు చాలడం లేదు" అందట ఒకరోజు.

"జుట్టు కత్తిరించుకో" అన్నాడట, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

అక్క నోట్లో నాలుక లేని మనిషి. ఆ పూట తడి తల తువ్వాలుతో చుట్టుకుని, కూరల సంచీలో సబ్బుపెట్టె దాచుకుని చెల్లెలింటికి దిగింది.

"కొంచెం తల కడుక్కుంటానే. నురగ అలాగే ఉండిపోయింది."

"మీ ఆయనకి చెప్పొచ్చుగా."

"చెప్పాను. కత్తిరించుకోమన్నారు."

చెల్లెలు గీజరు స్విచ్చి వేసింది. అప్పటి నుంచి అక్క తలస్నానానికే కాదు, రోజువారీ స్నానానికీ కిందికే రావడం మొదలుపెట్టింది. బావ పొద్దున్నే వెళ్ళిపోయాక, చెల్లెలు మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరేలోగా. మెట్ల మీద ఎవరైనా ఎదురైతే కరివేపాకు కోసమనేది. ఆ వేసవంతా ఆ ఇంట్లో ఎంత కరివేపాకు ఖర్చయిందో మరి.

పొద్దున డ్యూటీ చేసే అతను ఊరికి పోతే ఒక వారం చెల్లెలు ఆ డ్యూటీకి వెళ్ళాల్సి వచ్చింది. మొదటి రోజే మగవాళ్ళ స్నానాల గదిలోంచి ఎవరో గొంతెత్తి పాడుతున్నారు. ఆ స్నానాల గదుల్లో షవర్లు పాతకాలం నాటివి. పళ్ళెమంత వెడల్పు, తిప్పితే వాన.

"ఎవరయ్యా ఆ పాటగాడు?" అని కొలను దగ్గర కాపలా ఉండే ఈతగాణ్ణి అడిగింది.

"షవర్ సారండి. నెలవారీ పాసు తీసుకున్నాడు. కొలనులోకి ఒక్కనాడూ దిగలేదు. అరగంట స్నానం చేస్తాడు, పౌడరు రాసుకుంటాడు, పోతాడు" అన్నాడతను.

కాసేపటికి షవర్ సారు బయటికొచ్చాడు. దువ్విన తల, ఎర్రగా కందిన బుగ్గలు, భుజాన సంచీ. లాకరు తాళం ఇవ్వడానికి కౌంటరు మీద చెయ్యి పెట్టి, అవతల ఉన్నది మరదలని అప్పుడు చూశాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"నీ డ్యూటీ మధ్యాహ్నం కదమ్మా" అన్నాడు, తప్పంతా ఆమెదే అయినట్టు.

"ఈ వారం మారింది బావగారూ. ఈతకి వచ్చారా?"

"ఆఁ... నడుం నొప్పికి డాక్టరు ఈత కొట్టమన్నాడు."

"మంచిది. ఈత బట్టలు ఇక్కడే ఆరేసుకోవచ్చు, తడివి సంచీలో పెట్టుకుంటే వాసనొస్తాయి."

బావ నీళ్ళు నమిలాడు. ఆ సంచీలో తడి తువ్వాలు తప్ప మరేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

"మీ అక్కతో అనకు. నడుం సంగతి తెలిస్తే కంగారు పడుతుంది" అన్నాడు గొంతు తగ్గించి.

అతను పోయాక చెల్లెలు ఆ తాళం కొక్కేనికి తగిలించి చెయ్యి కడుక్కుంది. కోపం కంటే రోత ఎక్కువగా అనిపించింది. దొంగతనం చేసినవాడైనా కాస్త సిగ్గుపడతాడు. ఈయన అబద్ధం చెప్పి, దాన్ని పెళ్ళాం మీద ప్రేమ కింద జమ కట్టుకున్నాడు. అక్కతో చెప్పేద్దామని ఆ సాయంత్రం మెట్లెక్కింది కూడా. తలుపు తీసిన అక్క ముఖం చూసి, ఉల్లిపాయలున్నాయా అని అడిగి వచ్చేసింది.

వేసవి ముగిసేసరికి సంఘం మీటింగు పెట్టారు. కింద కార్లు నిలిపే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఇంటికో నీళ్ళ మీటరు ఉంది కాబట్టి ఎవరు ఎంత వాడారో బావ నిలబడి చదివాడు.

"ఈ బిల్డింగులో అందరికంటే తక్కువ నీళ్ళు వాడిన ఇల్లు మాదని చెప్పుకోవడానికి గర్వపడుతున్నాను. మా మీటరు తిరగడమే మర్చిపోయినట్టుంది. మీరందరూ ఎందుకు చెయ్యలేరు?"

ఎందుకు తిరుగుతుంది. పెళ్ళాం కింద అంతస్తులో, మొగుడు ఈతకొలనులో. ఆ బాత్రూములో స్నానం చేసేవాళ్ళే లేకపోతే మీటరు తిరగడానికి దానికేం పని? చెల్లెలు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. మనిషి ఎంతవరకు వెళ్తాడో చూద్దామనుకుంది.

అతను చాలా దూరమే వెళ్ళాడు.

"ఇక అందరికంటే ఎక్కువ వాడినవాళ్ళు. మన బంధువులే కదా అని నేను దాచను. రెండో అంతస్తు. ఒంటరి మనిషికి ఇన్ని నీళ్ళు ఎందుకమ్మా?"

జనమంతా చెల్లెలి వైపు తిరిగారు. తన గుట్టు ఎవరి చేతిలో ఉందో తెలిసీ ఆ మనిషి ఆ మాట అన్నాడు. ఆమె నోరు విప్పదని ధీమా. మంచితనం ఉన్నవాళ్ళని ఇతనిలాంటివాళ్ళు గుర్తుపట్టే తీరే అది, ఎక్కడ తొక్కితే శబ్దం రాదో అక్కడే తొక్కుతారు. ఆమె లేవబోయింది. అంతలో పక్క కుర్చీ కదిలింది.

"ఆ నీళ్ళు నావండీ" అంది అక్క, నిలబడి.

"ఏమిటి నీవి?"

"చెల్లి మీటర్లో తిరిగిన నీళ్ళు. రోజూ అక్కడే స్నానం చేస్తున్నా."

"మనింట్లో షవర్ పెట్టుకుని కిందింటికి పోయి స్నానం చెయ్యడమేమిటి? నా పరువేం కావాలి?"

"అది షవర్ కాదండీ. ఎవరో తుమ్మినట్టుంటుంది."

ముందు వరసలో పంటి డాక్టరు నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. ఆ దగ్గుతో అందరికీ ధైర్యం వచ్చింది. మేం మగ్గుతో పోసుకుంటున్నామని నాలుగో అంతస్తు ముసలాయన ఒప్పుకున్నాడు. పాత షవర్ మంచం కింద దాచామనీ, అధ్యక్షులవారు తనిఖీకి వచ్చినప్పుడల్లా మార్చి బిగించేవాళ్ళమనీ కింద వాటా దర్జీ చెప్పాడు. పంటి డాక్టరు తీరిగ్గా లేచి, "ఇంతకీ పైన ట్యాంకు నిండి రోజూ వెనక గోడ మీద పారుతోంది. నేను మూడుసార్లు చెప్పాను. దానికి మీటరు లేదనా?" అని అడిగాడు.

బావ నీరుగారిపోయాడు. అయినా కూర్చోలేదు. "ఇంట్లోనే సహకారం లేనప్పుడు నేను మాత్రం ఏం చెయ్యగలను" అని, నింద తెచ్చి అక్క నెత్తిన పెట్టి, కాగితాలు మడుచుకుని లిఫ్టు ఎక్కాడు.

అక్కాచెల్లెళ్ళు మెట్లెక్కుతుంటే చెల్లెలు ఇక ఆపుకోలేకపోయింది.

"అక్కా, నీకో సంగతి చెప్పాలి. బావగారు పొద్దున్నే—"

"ఈతకొలనుకి వెళ్తారు. తెలుసు."

చెల్లెలు మెట్టు మీద ఆగిపోయింది. "ఎలా తెలుసు?"

"తువ్వాలుకి మీ కొలనులో కలిపే మందు వాసన. ఉతికేది నేనే కదా, ఈత బట్టలు మాత్రం ఒక్కనాడూ పడలేదు."

"మరి అందరి ముందూ అనలేదేం?"

"అంటే ఈత నేర్చుకుంటున్నానంటారు. ఆ తర్వాత ఈత గురించి రోజూ మూడు పూటలా నేను వినాలి. నాకంత ఓపిక లేదే."

చెల్లెలికి నవ్వొచ్చింది, అక్కకి రాలేదు. "ఆయన అక్కడ స్నానం చేస్తే చేశారు. నన్ను జుట్టు కత్తిరించుకోమని తను అంత వాన కింద నిలబడ్డారు చూడు, అదొక్కటే..." అని మాట సగంలో వదిలేసి, పైకి వెళ్ళిపోయింది.

ఆ వారమే అక్క బజారుకి పోయి రెండు మూడు కొట్లు తిరిగింది. దుకాణం వాళ్ళ చేత నీళ్ళు తిప్పించి, చెయ్యి కింద పెట్టి చూసి, గాలి కలిపి ధారని లావు చేసే రకం షవర్ ఒకటి కొనుక్కొచ్చింది. అది కూడా నీళ్ళు తక్కువే తాగుతుంది, కాని తల తడుస్తుంది. చెల్లెలూ ఒకటి తెచ్చుకుంది. చూసి దర్జీ తెచ్చుకున్నాడు. పంటి డాక్టరు అధ్యక్షుడై ట్యాంకులో పాడైన బాల్ వాల్వు మార్పించాడు. వెనక గోడ ఆరింది, నాచు ఎండి రాలిపోయింది. బావ ఆరోగ్య కారణాల వల్ల పదవి వదులుకుంటున్నట్టు నోటీసు బోర్డులో కాగితం అంటించాడు. దాన్ని చదవడానికి ఎవరూ ఆగలేదు.

కొత్త షవర్ కింద మొదటిరోజు స్నానం చేసి బయటికొచ్చి, తల తుడుచుకుంటూ బావ అన్నాడట, "నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే కదా."

"మరి నువ్వేమన్నావు?" అని చెల్లెలు అడిగింది.

"టిఫిను పెట్టాను" అంది అక్క.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం కొలను కౌంటరు దగ్గరికి ఒకమ్మాయి వచ్చింది. కొత్తగా కారు నేర్చుకుంటోందట. చిల్లర కోసం చెల్లెలు సొరుగు వెతుకుతుంటే, గోడ మీద నీళ్ళు పొదుపుగా వాడమని రాసి ఉన్న బోర్డు చూసి ఆ అమ్మాయి మాట కలిపింది.

"మా డ్రైవింగ్ స్కూల్ సారు కూడా ఇదే చెప్తారండి. వాళ్ళ బిల్డింగు మొత్తానికీ మంచి షవర్లు పెట్టించి, నీళ్ళ వాడకం సగానికి తగ్గించారట. మొదట్లో అందరూ ఎదురు తిరిగారట, ఇంట్లోవాళ్ళు కూడా. అయినా వదల్లేదట."

చెల్లెలు చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. పాపం ఆ పిల్ల ముఖంలో ఎంత గౌరవమో.

"స్నానం చేసి దిగమ్మా" అని, తాళం చేతిలో పెట్టి, వెనక నిలబడ్డ మనిషిని ముందుకి రమ్మంది.